క్రెటా ఎలక్ట్రిక్‌లో ఏది మేలు, 42 లేక 51.4? తిరుపతి లెక్క వేరు, చిత్తూరు లెక్క వేరు

హ్యుందాయ్ వారి కరెంటు కారు క్రెటా ఎలక్ట్రిక్ కొనాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక కూడా చాలామంది ఒక దగ్గర ఆగిపోతున్నారు. 42 కిలోవాట్ అవర్ బ్యాటరీ తీసుకోవాలా, 51.4 తీసుకోవాలా? గోడకు బిగించే ఛార్జర్ కూడా కావాలా? తెలిసినవాళ్లలో ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు. 2025 జనవరిలో బండి వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒక ఫుల్ ఛార్జ్‌తో పోయే దూరం, చిన్నదానికి 390 కిలోమీటర్లు, పెద్దదానికి 473. స్మార్ట్ (ఓ) అనే మోడల్ రెండు బ్యాటరీలతోనూ వచ్చింది, అప్పట్లో వాటి మధ్య తేడా 2 లక్షలు. షోరూమ్‌లో అడిగితే పెద్దదే తీసుకోమంటారు. అమ్మేవాళ్లు ఇంకేం చెబుతారు?

నన్నడిగితే ముందు చూడాల్సింది బ్రోచర్ కాదు, రాత్రి బండి నిలబెట్టే చోటు. అక్కడ మీ సొంత మీటరు నుంచి వచ్చే 15 ఆంప్స్ ప్లగ్గు ఉందా? ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ఆ ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది (ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవరే). రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరుకు తీస్తే, మధ్యలో వృథా అయ్యేది పోను 24, 25 యూనిట్లు బ్యాటరీలోకి చేరతాయి. ఏసీ వేసుకుని ఇంటిల్లిపాదీ ఎక్కినా యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు వేసుకోవచ్చు. అంటే ఒక్క రాత్రి ఛార్జింగ్‌తో 160 కిలోమీటర్లు. ఎం.ఆర్.పల్లి నుంచి రేణిగుంటకు ఉద్యోగానికి వెళ్లొచ్చి, పిల్లల్ని ట్యూషన్‌కు తిప్పి, సాయంత్రం తిరుచానూరు పోయొచ్చినా అందులో సగం కూడా కాదు. ఊళ్లో తిరగడానికైతే రెండు బ్యాటరీలకూ తేడా ఏమీ తెలియదు.

తేడా ఉందనిపించేది ఛార్జ్ 10 శాతానికి పడిపోయి బండి ఇల్లు చేరిన రాత్రి. ఇదే ప్లగ్గు మీద చిన్నది నిండడానికి దాదాపు 14 గంటలు, పెద్దదానికి 17. ఆ ఒక్క రాత్రికి రెండూ నిండవు, కానీ తెల్లారేసరికి రెండింట్లోనూ పడేది అదే 160 కిలోమీటర్లు.

ఆ ప్లగ్గును మాత్రం గీజర్ లైనుకు తగిలించకండి. మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, దానికో ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఆర్.సి.సి.బి. (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది), సరైన ఎర్త్ పిట్ ఉండాలి. కొర్లగుంటలోనో గ్రీమ్స్‌పేటలోనో పాత ఇల్లయితే ఎర్తింగ్ పేరుకే ఉండొచ్చు. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఛార్జర్ మొండికేస్తుంది. మన ఎండలకు నేల బీటలు వారే నెలల్లో ఎర్త్ పిట్‌లో నీళ్లు పోస్తుండాలి. కరెంటు ఆఫీసులో సాంక్షన్డ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు, పెంచుకోవడం కూడా మర్చిపోవద్దు.

బిల్లు సంగతి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటరు మీద 170 యూనిట్ల దాకా పెరుగుతాయి. 2022 టారిఫ్ ప్రకారం 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఏసీలున్న ఇంటికి బండి కరెంటంతా ఈ పై స్లాబుల్లోనే పడుతుంది. అయినా కిలోమీటరుకు రూపాయి అరవై, డెబ్భై పైసలకు మించదు.

ఇక గోడ ఛార్జర్. బండి విడుదలప్పుడు 11 కిలోవాట్ల దానికి అదనంగా 73 వేలు అడిగారు. పూర్తి 11 కిలోవాట్లు రావాలంటే ఇంటికి త్రీ ఫేజ్ ఉండాలి. సింగిల్ ఫేజ్‌లో 32 ఆంప్స్ లాగినా 7.4 దాటదు. త్రీ ఫేజ్ లేనివాళ్లు బండితో పాటే దాన్ని తీసుకోవడం నా లెక్కలో దండగ ఖర్చే. ప్లగ్గుతో కొన్నాళ్లు చూసి, చాలదనిపిస్తే బయట దొరికే టైప్ 2 ఛార్జర్ (ఈ బండికి సరిపోయే ప్లగ్గున్నది) ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

ఇప్పుడు అసలు పేచీ బెంగళూరు. మన వైపు ప్రతి ఇంట్లోనూ ఒకరు అక్కడే ఉంటారు కాబట్టి ఈ లెక్క తప్పదు. తిరుపతి నుంచి సుమారు 250 కిలోమీటర్లు. ఆరున్నర చొప్పున 38 యూనిట్ల పైనే. పైగా పోయేదారి అంతా ఎక్కుడే. మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి బెంగళూరు చేరేసరికి మనకన్నా ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటాం. లగేజీతో రెండు టన్నుల బండి అంత ఎత్తు ఎక్కడానికి ఇంకో 4 యూనిట్లు. మొత్తం 42 దాటిపోయింది, అంటే చిన్న బ్యాటరీతో దారిలో ఆగకుండా చేరలేం. పెద్దదానిలో ఇంకా 9 యూనిట్లు మిగులుతాయి.

అదే చిత్తూరు నుంచి బయల్దేరండి. దూరం 180, ఎక్కాల్సిన ఎత్తూ తక్కువే. 31 యూనిట్లతో సరి. కట్టమంచిలో ఇల్లున్నవాళ్లకు 42 నిక్షేపంగా చాలు, ఆ 2 లక్షలు బ్యాంకులో వేసుకోవచ్చు.

తిరుపతివాళ్లకైనా నా మొగ్గు చిన్నదాని వైపే. 50 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ దగ్గర అరగంట ఆగితే 15 యూనిట్లు ఎక్కుతాయి. పిల్లలతో పోయేవాళ్లు టిఫిన్‌కి ఎలాగూ అంతసేపు ఆగుతారు. నెలకు రెండు మూడు సార్లు బెంగళూరు పోయేవాళ్లు, పండగ రద్దీలో ఛార్జర్ దగ్గర క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్లు 51.4 తీసుకోండి. చెన్నైకి పోను 140, రాను 140 కాబట్టి ఛార్జ్ చేయకుండా ఒకేరోజు వెళ్లొచ్చేది కూడా పెద్దదే.

తిరుమలకు చిన్నది చాలుతుందా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు! ఎక్కడానికి ఆరేడు యూనిట్లు, అంతే. 40 నిమిషాల లోపు దిగకూడదనే నిబంధన ఎలాగూ ఉంది కాబట్టి, రీజెన్ (బండి నెమ్మదించేటప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపే ఏర్పాటు) పెంచుకుని నిదానంగా దిగితే కొంత తిరిగొస్తుంది. కొండ మీద మాత్రం ఫుల్ చేసుకుని దిగొద్దు. నిండిన బ్యాటరీలోకి రీజెన్ పోదు.

వేరే బళ్లు చూస్తే, 30 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది, బెంగళూరు మాట ఎత్తకూడదు. ఎంజీ విండ్సర్‌లో వెనక సీటు విశాలం. దాని బ్యాటరీ అద్దె స్కీమ్‌లో కిలోమీటరుకు ఇంతని కట్టాలి కాబట్టి ఎక్కువ తిరిగేవాళ్లకు గిట్టదు.

అపార్ట్‌మెంట్లో ఉండి, పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టనివ్వని అసోసియేషన్ ఉంటే 42, 51.4 అనే ప్రశ్నే రాదు. బయట ఫాస్ట్ ఛార్జర్లలో యూనిట్ 20 రూపాయల అటూఇటూ పడుతుంది, వారానికోసారి అక్కడ కాపలా కాయాలి. ముందు అసోసియేషన్‌ను ఒప్పించి, మీ మీటరు నుంచి పార్కింగ్‌కు లైను లాగించుకోండి. బుకింగ్ ఆ తర్వాతే.