లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్: క్లబ్ ఆటగాళ్లు ఏ ట్యాబ్ చూడాలి?

చెస్ క్లబ్ టోర్నీకి ఓపెనింగ్ (ఆట మొదట్లోని ఎత్తులు) సిద్ధం చేసుకోవడానికి ఉచితంగా దొరికేవాటిలో నా ఓటు లీచెస్ అనే చెస్ సైట్‌లోని ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌కే. ఏ పొజిషన్‌లో ఎవరు ఏ ఎత్తు వేశారో, ఆ ఆటలు ఎలా ముగిశాయో పాత గేమ్‌ల నుంచి చూపించే సాధనమిది. ప్రకటనలు లేవు, డబ్బు కడితేనే తెరుచుకునే ఫీచర్ ఒక్కటీ లేదు, విరాళాలతోనే నడుస్తోంది. చిక్కల్లా చాలామంది మాస్టర్స్ ట్యాబ్ దగ్గరే ఆగిపోవడం. అందులో ఉండేవి 1952 నుంచి 2200, ఆపై రేటింగ్ వాళ్లు బోర్డు మీద ఆడిన గేమ్‌లు. క్లబ్బులో మన ఎదుట కూర్చునేది వాళ్లు కాదు.

టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగే చూడండి (× అంటే పావును కొట్టడం): 1.ఈ4 ఈ5 2.నైట్ ఎఫ్3 నైట్ సీ6 3.బిషప్ సీ4 నైట్ ఎఫ్6 4.నైట్ జీ5 డీ5 5.ఈ×డీ5. ఇక్కడ మాస్టర్స్‌లో దాదాపు అందరిదీ నైట్ ఏ5. సైట్‌లో మామూలు ఆటగాళ్లు ఆడిన గేమ్‌లుండే లీచెస్ ట్యాబ్‌కు మారి, గేర్ గుర్తు నొక్కి, రేటింగ్ 1200, 1400, ఆట రాపిడ్ అని పెట్టండి. నైట్×డీ5 పైకొచ్చేస్తుంది. తెల్లపావులవాళ్లు ముందు చదవాల్సింది ఈ లైనే (ఎత్తుల వరుసే). 6.నైట్×ఎఫ్7 కింగ్×ఎఫ్7 7.క్వీన్ ఎఫ్3 చెక్. డీ5 గుర్రం నిలవాలంటే రాజు ఈ6కే రావాలి. జీ8కి పారిపోతే 8.బిషప్×డీ5 చెక్‌తో ఆట అయిపోయినట్టే. ఈ6కి వస్తే 8.నైట్ సీ3, డీ5 మీద మూడో దాడి. (6.డీ4 ఇంకా బలమైనది, అదీ చూసుకోండి.)

ఒక్కో ఎత్తు పక్కన గెలుపోటముల శాతాలు చూపే తెలుపు, నలుపు పట్టీలను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అవి చెప్పేది గేమ్ ఫలితం, పొజిషన్ బాగోగులు కాదు. కింది రేటింగ్‌లలో ముప్ఫయ్యో ఎత్తులో క్వీన్ పోగొట్టుకున్న ఆట కూడా ఆ లెక్కలోకే వస్తుంది. జాబితాలో ఎత్తులు ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా ఎంతమంది ఆడారన్నదాన్ని బట్టే, ఏది మంచిదన్నదాన్ని బట్టి కాదు. అందుకే పొజిషన్‌ను అంచనా వేసే చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ పక్కనే ఆన్‌లో ఉండాలి. ఇరవై ముప్ఫై గేమ్‌లే ఉన్నచోట శాతాలను అసలు పట్టించుకోకండి. ఎత్తుల వరుస మారినా అదే పొజిషన్‌కొస్తే గేమ్‌లన్నీ కలిపే చూపించడం మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిన పని.

ప్లేయర్ ట్యాబ్‌లో ప్రత్యర్థి యూజర్‌నేమ్, రంగు ఇస్తే అతని అలవాట్లు బయటపడతాయి. గేమ్‌లు ఎక్కువుంటే మొదటిసారి లెక్క పూర్తవడానికి సమయం పడుతుంది, సగంలో అంకెలు చూసి నిర్ణయానికి రావొద్దు. ఎంచుకున్న లైన్లను స్టడీలో (లీచెస్‌లోనే ఉండే నోట్సు పుస్తకం లాంటిది) దాచుకోండి. ఒక్కో స్టడీలో 64 చాప్టర్ల వరకు పడతాయి. ప్రైవేట్‌గా పెట్టడం మరవకండి, లేకుంటే మీ తయారీ ప్రత్యర్థి చేతికే చిక్కొచ్చు.