సమాచార వ్యవస్థల శాస్త్రం: గట్టు కట్టడమా, సరిహద్దు తెరవడమా, ఏది మేలు?

తిరుపతి బస్టాండు దగ్గరి శ్రీనివాసంలో భక్తులు ఆధార్ చూపించి, వేళ వేసిన సర్వదర్శనం టోకెన్లు తీసుకుంటారు. ఆ టోకెన్ల వ్యవస్థను పరిశోధించడం ఏ శాఖ పని? ప్రోగ్రాం రాయడం కంప్యూటర్ సైన్స్‌ది, క్యూ నడపడం మేనేజ్‌మెంట్‌ది అనేస్తే మూడో శాఖకు మిగిలేదేమిటన్న ప్రశ్న వస్తుంది. మనుషులు, సంస్థలు కంప్యూటర్ వ్యవస్థలను ఎలా కడతారు, ఎలా వాడతారు అని చూసే సమాచార వ్యవస్థల శాస్త్రాన్ని ఏళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న ఇదే.

2003లో ఈ శాస్త్ర పరిశోధకులు బెన్‌బసాట్, జ్ముడ్ ‘ఎంఐఎస్ క్వార్టర్లీ’ అనే పరిశోధన పత్రికలో దీనికి గట్టు కట్టాలని, అంటే హద్దులు గీయాలని వాదించారు. ఐటీ సాధనం, అంటే ఆ టోకెన్ల వ్యవస్థ లాంటిది, నడుమ ఉండాలి. దాన్ని నిర్మించే, నడిపే, వాడే తీరు, దానికి దగ్గరి కారణాలు, ఫలితాలు మాత్రమే ఈ శాస్త్రం పరిధిలోకి రావాలి. సాధనాన్నే వదిలేసే పరిశోధన ఒక తప్పు, దానికి మరీ దూరమైన విషయాలను కలుపుకోవడం మరో తప్పు. ఈ శాస్త్రానికంటూ ఒక గుర్తింపు నిలవదన్న వారి భయం నిజమైనదే.

మరుసటి ఏడాది అదే రంగానికి చెందిన లిటినెన్, కింగ్ దీన్ని ఒప్పుకోలేదు. నడుమ ఒక సిద్ధాంతం లేకపోవడం లోపం కాదన్నారు. ముఖ్యమైన సమస్యలు ఎంచుకోవడం, బలమైన ఫలితాలు చూపడం, కాలంతో మారగలగడం: ఒక శాస్త్రానికి గౌరవం వీటివల్ల వస్తుందన్నది వారి మాట.

నా ఓటు రెండో దారికే, అంటే సరిహద్దు తెరవడానికే. టోకెన్‌లో వేళ ముందే తెలిస్తే భక్తుడు గది ఎప్పుడు తీసుకుంటాడు, ఆ మధ్యలో తిరుచానూరు వెళ్తాడా, ఆధార్ వెంట లేని వృద్ధురాలు ఏం చేస్తుంది? గట్టు కట్టేవారి కొలతలో వీటిలో కొన్ని మరీ దూరపు ఫలితాలు. తిరుపతి ఊరికి మాత్రం అవే అసలు ఫలితాలు! వాటిని వదిలేసి టోకెన్ తీసుకోవడం సులువుగా ఉందా లేదా అని మాత్రమే అడిగే శాస్త్రం ఎవరికి అక్కరకు వస్తుంది?

అయితే మొదటి పక్షం చెప్పిన తొలి తప్పును నేను గట్టిగా పట్టించుకుంటాను. పేరులో ‘ఆన్‌లైన్’ అని ఉండి, లోపల టోకెన్ ఊసే లేకుండా భక్తుల సంతృప్తిని మాత్రమే కొలిచే పీహెచ్‌డీ ప్రతిపాదన వస్తే, దాన్ని మార్కెటింగ్ శాఖకు పంపడమే సరి.