ఆరేళ్ళుగా బొద్దింకల జెల్ వాడాక: మందా, విందా?

వంటింట్లో బొద్దింకలకి జెల్, అంటే సిరంజిలో వచ్చే మందు కలిపిన ఎర, పెట్టడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మొదటి ఏడాది ఎవరైనా అడిగి ఉంటే "శుద్ధ దండగ" అని చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగితే ఇంట్లో ఒక సిరంజి ఎప్పుడూ ఉంచుకోమంటాను. మధ్యలో జరిగిందల్లా నాకు దాన్ని వాడటం చేతకావడమే.

బ్రాండు పేరు చెప్పను. సిరంజి మీద చిన్న అక్షరాల్లో లోపలి మందు పేరు ఉంటుంది, చూసుకోవాల్సింది అది. నేను ఎక్కువ కాలం వాడింది ఫిప్రోనిల్ 0.05 శాతం ఉన్నది. తర్వాత ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం ఉన్నదానికి మారాను, ఎందుకో కింద చెబుతాను.

మేముండేది వేడి ప్రాంతం. చలికి పురుగులు తగ్గే నెల అంటూ ఒక్కటీ లేదు. మా ఇంట్లో పట్టినవి చిన్న రకం, జర్మన్ బొద్దింకలు. అర అంగుళం పొడవు, గోధుమ రంగు, తల వెనక రెండు నల్ల గీతలు. బాత్రూమ్ జాలీలోంచి వచ్చే పెద్ద ఎర్రటివాటిని చూసి అందరం కెవ్వుమంటాం గానీ, ఇంట్లో కాపురం పెట్టేవి ఈ చిన్నవే. ఆడది గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. వెచ్చటి వంటింట్లో పిల్ల రెండు నెలల్లో పెద్దదై మళ్ళీ సంచి మోస్తుంది. ఈ లెక్క తెలియని రోజుల్లో, రాత్రికి ఐదారింటిని చెప్పుతో కొట్టి గెలిచాననుకునేదాన్ని.

జెల్‌కి ముందు స్ప్రే వాడాం. కొట్టగానే వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తాయి కదా, ఆ తృప్తి వేరు. ఒకసారి పురుగుల మందు కొట్టే మనిషిని కూడా పిలిపించాం. ఇరవై నిమిషాల్లో ఇల్లంతా తడిపి, "మూడు నెలలు చూసుకోనక్కర్లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు పడగ్గది బట్టల అలమరలో కనిపించాయి. వంటిల్లు ఖాళీ చేసి లోపలికి మారాయన్నమాట. ఇంట్లో కొట్టే స్ప్రేలు చాలావరకు పైరెత్రాయిడ్ అనే రకం మందులు. అవి తగిలిన చోటికి బొద్దింకలు రావు, పక్కదారి చూసుకుంటాయి. పైగా ఆ మందులకి తరాల తరబడి అలవాటుపడి మొండికెత్తిన సంతతి చాలా చోట్ల ఉంది.

అప్పుడు జెల్ తెచ్చాను. తెచ్చి, పళ్ళ పేస్టులా గోడ వెంట బారెడు గీత గీశాను. రెండో రోజు అక్కడే ఒక బొద్దింక కనిపిస్తే అలవాటు కొద్దీ స్ప్రే కొట్టాను, సరిగ్గా జెల్ మీదే. ఇక దాన్ని ఏ పురుగు ముట్టుకుంటుంది? నెల తర్వాత ఆ గీత ఎండి, దుమ్ము పట్టి, ఒక్క గాటు కూడా లేకుండా అలాగే ఉంది. తప్పంతా జెల్ మీదకి నెట్టి సిరంజిని చెత్తబుట్టలో పడేశాను.

రెండోసారి తెచ్చినప్పుడు ముందు వారం రోజులు స్ప్రే బంద్. గట్టు, అలమర అంచులు సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టాను. తర్వాత రాత్రి పదకొండింటికి దీపాలార్పి, టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడెక్కడ నల్లటి మిరియప్పొడిలాంటి రెట్ట ఉందో, లైటు పడగానే ఎటు పరిగెడుతున్నాయో చూశాను. అలమర తలుపుల బందుల్లో, సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే కంతలో, ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర. వేడి, తడి, ఇరుకు మూడూ ఉన్న చోట్లే. అక్కడ మాత్రం కందిగింజంత చుక్కలు, మొత్తం ముప్పై దాకా పెట్టాను. గీతలు లేవు.

ఆ రాత్రి ఒక బందు దగ్గర చూసిన దృశ్యం ఇప్పటికీ గుర్తే. ముందు రెండు మీసాలు బయటికొచ్చి గాలిలో ఆడాయి. తర్వాత తల. చుక్క దగ్గర ఆగి, మీసాలతో అటూ ఇటూ తడిమి, మూతి ఆనించింది. టార్చ్ వేసి ఉన్నా కదల్లేదు. ఐదు నిమిషాలకి పక్కన ఇంకో రెండు చేరాయి.

మూడో రోజు పట్టపగలు గట్టు మీద బొద్దింకలు తూలుతూ తిరగడం మొదలైంది. మా అత్తయ్య చూసి, "అమ్మాయ్, మందు పెట్టావా, విందు పెట్టావా?" అన్నారు. నాకూ టెన్షన్ పట్టుకుంది గానీ, మందు పనిచేస్తుందనడానికి గుర్తు అదే. తిన్నది వెంటనే చావదు. గూటికి వెళ్ళి అక్కడ రెట్ట వేస్తుంది, అక్కడే చస్తుంది. బయటికి రాని పిల్లలు ఆ రెట్టని, ఆ శవాన్ని తింటాయి. అసహ్యంగానే ఉంటుంది వినడానికి, కానీ గోడ లోపలున్న వాటికి జెల్ మందు చేరే దారి అదే. స్ప్రేతో అది కుదరదు.

లెక్క కోసం సింకు కింద ఒక జిగురు అట్ట పెట్టాను. జెల్‌కి ముందు ఒక్క రాత్రిలో 23 అంటుకున్నాయి. రెండు వారాలకి 6. నెలకి 1. కంటికి తగ్గినట్టు కనిపించడానికీ నిజంగా తగ్గడానికీ తేడా తెలియాలంటే ఈ అట్ట ఉండాలి. చంపే సాధనంగా మాత్రం దాన్ని నమ్ముకోకండి.

ఇక్కడే చాలామంది ఆపేస్తారు, నేనూ ఆపేశాను. సంచిలో ఉన్న గుడ్లని జెల్ ఏమీ చెయ్యలేదు. మూడు నాలుగు వారాలకి అవి పగిలి, ఆవాలంత పిల్లలు బయల్దేరతాయి. అప్పటికి పాత చుక్కలు గట్టిపడి ఉంటాయి, ముఖ్యంగా పొయ్యి దగ్గరా ఫ్రిజ్ మోటారు దగ్గరా. ఈ జెల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చని విషయం ఇదే. వేడికి నిలవదు. మా ఇంట్లో వేడి చోట్ల పది రోజులకే రాయిలా అయ్యేది. ఎండిన చుక్కని గోకి తీసేసి పక్కన కొత్తది పెట్టాలి. రెండో విడత తప్పకుండా పెట్టాలి.

మూడో ఏడాదిలో ఒక వింత జరిగింది. చుక్క దగ్గరికి వస్తున్నాయి, మీసాలు ఆనిస్తున్నాయి, వెనక్కి తిరిగి పోతున్నాయి. ఏమిటా అని చదివితే తెలిసింది. తీపి ఎరల వల్ల, గ్లూకోజ్ అంటే గిట్టని జర్మన్ బొద్దింకలు పుట్టుకొచ్చాయని 1993లోనే శాస్త్రవేత్తలు రాశారు. ఆ పురుగుల నోటికి గ్లూకోజ్ చేదుగా తగులుతుందని 2013లో తేల్చారు. తీపి చేదవడమేమిటో! మా ఇంట్లో వాటి కారణమేదైనా, మందూ ఎరా రెండూ పాతదానికన్నా వేరే రకమైన ఇమిడాక్లోప్రిడ్ జెల్‌కి మారితే వారంలో మళ్ళీ తినడం మొదలుపెట్టాయి. అప్పట్నుంచీ ఏడాదికోసారి రకం మారుస్తున్నాను.

చీమల సంగతి వేరు. వాటికి 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ పౌడరు కలిపి, దూది తడిపి, చీమల బారు పక్కన పెడతాను. పౌడరు ఎక్కువేస్తే దారిలోనే చస్తాయి, పుట్టలో రాణి దాకా చేరదు. అదే పౌడరుని బొద్దింకలకి గోడ పగుళ్ళలో పొడిగా కూడా చల్లొచ్చు, కనీకనిపించనంత పల్చగా. కుప్పగా పోస్తే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాయి. ప్లగ్గులో పెట్టే శబ్దతరంగాల పెట్టె కూడా ఒకటి కొన్నాను. దాని వెనకే ఒక పిల్ల బొద్దింక కాపురం పెట్టింది.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో చుక్కలు చెయ్యీ నాలుకా చేరని కంతల్లోనే పెట్టండి. గిన్నెలు ఆనే చోట వద్దు. చేపల తొట్టి ఉన్న గదిలో పైరెత్రాయిడ్ స్ప్రే కొట్టకండి, చేపలకి అది ప్రాణాంతకం.

సింకు పైపు చుట్టూ కంతని సిలికాన్‌తో మూశాక జెల్ వాడకం సగానికి తగ్గింది. ఈ పని మొదటే చెయ్యాల్సింది. పోయిన నెల మాత్రం అట్ట మీద మళ్ళీ రెండు పిల్లలు కనిపించాయి. వెతికితే, ఇంటికొచ్చిన పార్సిల్ అట్టపెట్టె మడతల్లో గుడ్ల సంచి డొల్ల దొరికింది. పెట్టెలన్నీ ఇప్పుడు గుమ్మం బయటే విప్పుతున్నాం. టార్చ్, సిరంజి అత్తయ్య స్వాధీనంలో ఉన్నాయి. రాత్రి పదకొండింటికి వంటింట్లోంచి "అమ్మాయ్, ఒకటి తింటోంది, రా చూద్దువుగాని" అని కేక వినిపిస్తుంది.