నోటి క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రా, ఫెంటానిల్ ప్యాచా?

నోటి క్యాన్సర్ నొప్పి పారాసిటమాల్‌కి లొంగనప్పుడు నల్లమందు తరహా (ఓపియాయిడ్) బలమైన నొప్పి మందులైన ఈ రెండింటి మాట వస్తుంది. మింగగలిగినన్నాళ్లూ నా ఓటు మార్ఫిన్‌కే. ధర తక్కువ. మామూలు మాత్ర అరగంటలో పని మొదలుపెడుతుంది, నాలుగు గంటలకోసారి వేయాలి. నొప్పిని బట్టి డాక్టర్ మోతాదు మార్చడం తేలిక. ముక్కు గొట్టం ఉన్నవారికి పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు. 12 గంటలపాటు నెమ్మదిగా మందు వదిలే మాత్రను మాత్రం ఎప్పుడూ నలపకూడదు. మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగితే ఊపిరికే ప్రమాదం.

ఫెంటానిల్ ప్యాచ్ అంటే చర్మానికి అంటించే మందు పట్టీ; 72 గంటలు ఉంటుంది. దవడ బిగుసుకుని మింగలేనివారికి, కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఇదే నయం. మలబద్ధకమూ కాస్త తక్కువ. కానీ ఖరీదు. పైగా మొదటిసారి పట్టు దొరకడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. అందుకే ఎగుడుదిగుడు నొప్పికి, ఈ రకం మందులు అలవాటు లేనివారికి పనికిరాదు. జ్వరమొచ్చినా, ప్యాచ్ మీద వేడి తగిలినా మందు ఎక్కువగా దిగుతుంది. మన ఇళ్లలో నొప్పి అనగానే కాపడం పెడతారు కదా, జాగ్రత్త!

కరెంటు షాక్‌లా చెవిలోకి పొడిచే నరాల నొప్పికి రెండూ తరచూ చాలవు; గాబాపెంటిన్ లాంటిది తోడు కావాలి. ఏది మొదలుపెట్టినా, విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజే రాయించుకోండి.