కల్యాణలక్ష్మి దరఖాస్తు: మా మండలంలోని ఒక మీసేవ కేంద్రం పనితీరు

మా మేనకోడలి పెళ్లయ్యాక కల్యాణలక్ష్మి దరఖాస్తు కోసం మా మండల కేంద్రంలోని ఒక మీసేవ కేంద్రాన్ని ఆశ్రయించాము. పేదింటి ఆడపిల్లల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న రూ.51,000 సాయంతో ప్రారంభించిన ఈ పథకం కింద ఇప్పుడు రూ.1,00,116 అందుతోంది. వధువుకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. కులం, ఆదాయ ధ్రువపత్రాలు, వధూవరుల ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటో, లగ్నపత్రిక, తల్లి బ్యాంకు పాస్‌బుక్ జతచేయాలి.

ఆ కేంద్రం నిర్వాహకుడి నిశిత దృష్టిని మెచ్చుకోక తప్పదు. మా వదిన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండగా, పాస్‌బుక్‌లో పొడి అక్షరం మాత్రమే ఉన్న సంగతిని ఆయన మొదటి చూపులోనే పట్టుకుని, చెక్కు తల్లి పేరుమీదే వస్తుంది కనుక ముందు బ్యాంకులో సరిచేయించుకుని రమ్మన్నారు. వివరాలు నమోదు చేశాక తెరను మా వైపు తిప్పి, ఖాతా సంఖ్యను ఒక్కో అంకె చదివించుకున్నారు. ఇంత ఓపిక, నిజం చెప్పాలంటే, ఇతర చోట్ల నేను చూడలేదు.

రుసుముల విషయంలో మాత్రం అసంతృప్తి మిగిలింది. ధరల పట్టిక గోడమీద ఉన్నా దాని ముందు జిరాక్సు కాగితాల కట్టలు పేర్చారు, రసీదు అడిగితే గానీ ఇవ్వలేదు. ఆ తర్వాత తహసీల్దారు కార్యాలయ విచారణ, ఎమ్మెల్యే ఆమోదం వంటి దశల్లో జరిగే జాప్యానికి ఈ కేంద్రాన్ని తప్పుపట్టలేము. కాగితాలు తికమకగా ఉన్నవారికి దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను, కానీ రసీదు చేతికందాకే కదలండి.