స్టెల్లేరియంలోని ఆక్యులర్స్: నా డాబ్సోనియన్‌కు దారి చూపిన వలయం

టెలిస్కోపు గురించి రాసేవాళ్లు సాధారణంగా అద్దం వెడల్పుతో మొదలుపెడతారు. 150 మిల్లీమీటర్ల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే బిందువుకు దూరం) ఉన్న డాబ్సోనియన్‌ను, అంటే సాదా స్టాండు మీద చేత్తో తిప్పే అద్దాల టెలిస్కోపును, కొన్నేళ్లుగా వాడుతున్నాను. నాకు ముందుగా పొగడాలనిపించేది మాత్రం టెలిస్కోపులో లేదు, దాని పక్కన తెరిచి పెట్టుకునే ల్యాప్‌టాప్‌లో ఉంది. తెరపై ఆకాశాన్ని చూపించే, ఉచితంగా దొరికే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఆక్యులర్స్ అనే ప్లగిన్ (అదనపు సాధనం) అది. అదే లేకపోతే ఈ గొట్టం ఇప్పటికి ఏ మూలకో చేరి ఉండేదని నా నమ్మకం.

కొత్తవారిని ఆకాశం నుంచి దూరం చేసేది చిన్న అద్దం కాదు, వెతికింది దొరకకపోవడం. చంద్రుడు, గురుడు, శని ఎవరికైనా దొరుకుతారు. చిక్కంతా నీహారికలతో, తారాగుచ్ఛాలతో. నా డాబ్సోనియన్‌లో ఉన్నది న్యూటోనియన్ రకం గొట్టం, అది దృశ్యాన్ని తలకిందులు చేస్తుంది. దానితో వచ్చిన ఫైండర్, అంటే గురి చూసుకునే చిన్న దుర్బిణి, కూడా అంతే. పటంలో కుడివైపున్న తార ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) ఎడమకు వస్తుంది, పైనున్నది కిందికి పోతుంది. అది చాలదన్నట్టు, పటంలో అరచేయంత కనిపించే చోటులో ఐపీస్‌కు చిక్కేది ఎంతో కంటికి అంచనా అందదు.

ఆక్యులర్స్ ఈ రెండు బాధలనూ ఒకేసారి తీర్చింది. ప్లగిన్ల పేజీలో దాన్ని ఆన్ చేసి, స్టెల్లేరియంను మళ్లీ తెరవాలి. టెలిస్కోపు వ్యాసం, ఫోకల్ లెంగ్త్, ఒక్కో ఐపీస్ కొలతలు ఒకసారి నింపితే చాలు. అసలు కీలకం టెలిస్కోపు వివరాల దగ్గర ఉండే రెండు చిన్న గడుల్లో ఉంది: దృశ్యాన్ని అడ్డంగా తిప్పడం, నిలువుగా తిప్పడం. న్యూటోనియన్‌కు రెండింటిలోనూ టిక్ పెట్టాలి. ఆ తర్వాత ఏదైనా తారను ఎంచుకుని కీబోర్డులో కంట్రోల్ (Ctrl) నొక్కి ఉంచి O అక్షరం నొక్కితే, తెరంతా నల్లబడి నడుమ ఒక గుండ్రటి వలయం మిగులుతుంది. అందులో కనిపించేది నా ఐపీస్‌లో కనిపించేంత ఆకాశమే. 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో నాకు 48 రెట్ల వృద్ధి, సుమారు ఒక డిగ్రీ వెడల్పు వస్తాయి. రెండు పూర్ణచంద్రులు పక్కపక్కన పట్టేంత చోటు.

దాని విలువ నాకు తెలిసింది వీణ మండలంలోని వలయ నీహారిక, అంటే ఎం57 దగ్గర. ఆ మండలంలోని ప్రకాశవంతమైన తార అభిజిత్తును (వేగా) ఆనుకుని తారల చిన్న సమాంతర చతుర్భుజం ఉంటుంది. అందులో అభిజిత్తుకు దూరంగా ఉన్న రెండు తారలు షెలియాక్, సులాఫత్. నీహారిక ఆ రెండింటి మధ్య, కాస్త షెలియాక్ వైపు ఉందని ఎవరైనా చెబుతారు. వినడానికి ఎంత సులువో! కానీ ఆ తారల మధ్య దూరమే దాదాపు రెండు డిగ్రీలు. నా ఐపీస్‌లో రెండూ ఒకేసారి పట్టవు. నీహారిక వెడల్పేమో ఒక ఆర్క్ నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, కాస్త ఎక్కువ. అంతకుముందు చాలా రాత్రులు ఆ చోటంతా గాలించి ఊరుకున్నాను.

ఆ రాత్రి ముందు షెలియాక్‌ను ఎంచుకుని తెరపై వలయం తెరిచాను. ఐపీస్‌లోనూ షెలియాక్‌నే నడుమ పెట్టాను. రెండు చోట్లా చుట్టూ ఉన్న మసక తారల అమరిక ఒక్కటే! తర్వాత తెరపై ఎం57ను ఎంచుకుని అక్కడి తారలను గుర్తుపెట్టుకున్నాను. రెండు దృశ్యాలనూ పోల్చి చూస్తే దారి తెలిసిపోయింది. షెలియాక్‌ను ఒక అంచుకు నెడితే చాలు, నీహారిక ఎదుటి అంచు లోపలికి వచ్చేస్తుంది. గొట్టాన్ని రెండు వేళ్లతో అంతే కదిపాను. ఫోకస్ చేరని చుక్కలాంటిదొకటి మెల్లగా లోపలికి జరిగింది. పక్క తారలన్నీ స్పష్టమైన చుక్కల్లా ఉన్నాయి, అది మాత్రం బూడిదరంగు బిళ్లలా ఉంది. 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి 120 రెట్లకు వెళ్లి, దాన్ని నేరుగా చూడకుండా చూపును కొంచెం పక్కకు ఆనించేసరికి నడుమ చీకటి విడివడి చుట్టూ పొగలాంటి వలయం నిలిచింది. ఆ రాత్రి ఇంకేమీ వెతకలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తెరపై ఉన్నది ఐపీస్‌లో ఉన్నట్టే వస్తుందని ఆ ఉత్సాహంలో అందరికీ చెప్పాను. దానికి కొంత సవరణ అవసరం. డాబ్సోనియన్‌లో ఐపీస్ గొట్టానికి పక్కన ఏటవాలుగా ఉంటుంది, తల వంచి చూస్తాం. అందువల్ల తారల అమరిక అదే అయినా తెరతో పోలిస్తే కొంత తిరిగి కనిపిస్తుంది. అమరికలో ఒక త్రిభుజాన్నో గీతనో పట్టుకుంటే ఇబ్బంది ఉండదు. నీహారికలను స్టెల్లేరియం రంగుల ఫొటోలతో చూపిస్తుంది. ఆ ఎరుపు, ఆ నీలం ఈ అద్దంలో ఆశించకండి. ఇక తెర వెలుగు అసలు శత్రువు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట వరకూ పడుతుంది. రాత్రి కోసం ఇచ్చిన ఎరుపు తెర సాయపడుతుంది కానీ, వెలుగు పూర్తిగా తగ్గించినా నా ల్యాప్‌టాప్ వెలుగు ఎక్కువే. తెరపై ఎర్రటి ప్లాస్టిక్ కాగితం కప్పాకే కుదిరింది.

టెలిస్కోపు మాటకొస్తే, ఈ రకం స్టాండును ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత ఆశ్రమంలో సన్యాసిగా ఉన్నవాడు. దారిన పోయేవారికి ఆకాశం చూపాలన్నదే ఆయన తపన. ఆ సరళత నాకు ఎంతో ఇష్టం. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం తర్వాత తెలిసింది. మోటారు లేదు కాబట్టి 240 రెట్ల దగ్గర గ్రహం నిమిషంలోపే ఐపీస్ దాటిపోతుంది. నడినెత్తిన ఉన్నవాటి వైపు గొట్టాన్ని పక్కకు తిప్పడం మొండి పని. స్టాండు మీద మాత్రం నాకు నిజంగా కోపం ఉంది. రంపపు పొట్టు అదిమి చేసిన పలక అది. అంచుల అతుకు పట్టీ ఊడిన చోట మంచు తేమ చేరి ఉబ్బింది. ఇప్పుడు తిప్పుతుంటే ఒకచోట పట్టేసి, ఒక్కసారిగా జారుతుంది. వేళ్లతో నెమ్మదిగా కదపడమే దీని ప్రాణం కదా, అక్కడే చవక చేశారు.

నాకు ఇది కుదరడానికి కారణాలున్నాయి. డాబా మీదే పెట్టుకుంటాను, మోసుకుపోయే పని లేదు. ఒక్క వస్తువు కోసం గంట వెతకడం నాకు విసుగు కాదు. వారానికి ఓ అరగంటే దొరికేవారికి తనంతట తానే వెతికి పెట్టే మోటారు టెలిస్కోపు మేలు కావచ్చు. ఫొటోలు ప్రధానమైతే ఇది మీది కాదు. చీకటి ఆకాశం ఉండి, మెట్లు ఎక్కువైతే ముందు 10×50 బైనాక్యులర్లతో మొదలుపెట్టమంటాను. వాటి కొలతలు కూడా ఆక్యులర్స్‌లో నింపుకోవచ్చు. డాబ్సోనియనే కొంటే, దానితో వచ్చే 25 మిల్లీమీటర్ల ఐపీస్‌కు తోడు 32 మిల్లీమీటర్లది ఒకటి తీసుకోండి. వలయం ఒక డిగ్రీ నుంచి ఒకటింపావుకు పైగా పెరుగుతుంది, వెతుకులాట సగం తగ్గుతుంది.