ఆరేళ్లుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో: రంగు కాదు, అంకెలు చూడండి

హార్డ్‌డిస్క్ తనలో వచ్చే లోపాలను స్మార్ట్ అనే పద్ధతిలో తనే లెక్క రాసుకుంటూ ఉంటుంది. ఆ లెక్కను బయటికి తీసి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, విండోస్‌లో ఆరేళ్లుగా వాడుతున్నాను. ఇది దేన్నీ బాగు చేయదు. కానీ జబ్బు ఎక్కడుందో తెలియకుండా మందు వేసే పని మాత్రం తప్పిస్తుంది.

మొదటిసారి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే కంప్యూటర్ నిమిషాల కొద్దీ బిగుసుకుపోయేది. డ్రైవ్ పోయిందనుకుని కొత్తది కొనబోయాను. ఇందులో ఒక్కో రకం లోపానికి ఒక్కో కోడ్ ఉంటుంది. 05 అంటే చెడిపోయాయని తేలి, బదులుగా వేరేవి కేటాయించిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా రాసే చిన్న గడులు). చూస్తే 05, సి5 రెండూ సున్నా, సి7 దగ్గర మాత్రం 1ఎ4 అని ఉంది. ఈ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) వస్తాయి, అంటే అది 420 (సెట్టింగ్స్‌లో దశాంశానికి మార్చుకోవచ్చు, ముందు ఆ పని చేయండి). సి7 అంటే డేటా దారిలో చెడిపోయిన సార్లు, అందుకే చాలావరకు తప్పు కేబుల్‌ది. డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే సాటా కేబుల్ మార్చాను, అంతే. ఆ 420 తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

రెండోసారి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఫొటోల ఫోల్డర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది, సి5లో 8 కనిపించింది, డ్రైవ్ స్థితి చూపే రంగు నీలం (బాగుంది) నుంచి పసుపుకి (జాగ్రత్త) మారింది. సి5 అంటే డ్రైవ్ చదవలేకపోయి, ఏం చేయాలో ఇంకా తేల్చని సెక్టార్లు. అప్పుడే డేటా వేరే చోటికి తీసుకోవాల్సింది, టెన్షన్‌లో విండోస్‌లోనే ఉండే డిస్క్ పరీక్షించే టూల్ చెక్‌డిస్క్‌ని ఆర్ ఆప్షన్‌తో రాత్రంతా నడిపాను. అది డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా చదువుతుంది, అసలే ఆఖరి దశలో ఉన్న డ్రైవ్‌కి అది ఎంత భారమో తెల్లారేసరికి వినిపించిన టిక్ టిక్ శబ్దమే చెప్పింది. వెంటనే ఆపేసి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాడైన డిస్క్ నుంచి డేటా కాపీ చేసే డీడీరెస్క్యూ పెట్టాను. అది బాగున్న భాగాలను ముందు లాగేసి, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. చాలా ఫొటోలు దక్కాయి, రెండేళ్లవి మాత్రం పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. నిజానికి టిక్ టిక్ మొదలయ్యాక ముఖ్యమైన డేటా ఉంటే పవర్ తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వడమే మంచిది.

లోపాలూ ఉన్నాయి. డ్రైవ్‌ని బయట పెట్టి వాడే కొన్ని యూఎస్‌బీ కేసులు స్మార్ట్ వివరాలను బయటికి పంపవు, అలాంటప్పుడు ఇందులో ఏమీ కనిపించదు. ఎస్‌ఎస్‌డీలు ఒక్కోసారి ఏ హెచ్చరికా లేకుండానే పోతాయి, కాబట్టి నీలం రంగు చూసి బ్యాకప్ మానేయకండి. డీవీడీ డ్రైవ్‌కి ఇది పనికిరాదు. 

ఇప్పుడు నెలకోసారి 05, సి5, సి7 అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. పోయిన నెల పాత డ్రైవ్‌లో 05 సున్నా నుంచి 2 అయింది. అందులోవన్నీ ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి మార్చేశాను.